గంటలోయలో ఆఖరి ముద్ద

రోయ్‌డెన్ ఊరి వెనక, ఒట్మార్ హైండ్ల్ వేటనేల చివర ఒక లోయ ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. పుట్టగొడుగులు ఏరుకునే ముసలమ్మలు కూడా నాలుగయ్యేసరికి బుట్టలు సర్దేసుకుంటారు. ఎందుకమ్మా అని అడిగితే చెప్పరు. మరీ గుచ్చి అడిగితే గొంతు తగ్గించి ఒక్క మాట అంటారు —

"అక్కడ గంట మోగుతుంది."

చర్చి గంట కాదు. వేటకుక్క మెడలో కట్టే చిన్న ఇత్తడి గంట.

అది మోగిన మర్నాడో, కొన్నాళ్ళకో లోయలో ఒక అడవిపంది చచ్చిపడి ఉంటుంది. ఒంట్లో గుండు దెబ్బ. నోట్లో పచ్చటి స్ప్రూస్ చెట్టు కొమ్మ...

కొట్టిన జంతువు నోట్లో పచ్చికొమ్మ పెట్టడం అక్కడి వేటగాళ్ళ ఆచారం. ఆఖరి ముద్ద అంటారు దాన్ని. ఒకే కొమ్మని రెండుగా విరుస్తారు. ఒక సగం జంతువు నోట్లోకి. రెండో సగం దాని నెత్తురులో అద్ది, కాల్చినవాడి టోపీకి. జంతువు గాయంతో పారిపోతే, కుక్కని పెట్టి వెతికి పట్టినవాడే ఆ రెండో సగం తెచ్చి కాల్చినవాడి చేతికిస్తాడు. కానీ గంటలోయలో దొరికిన పందుల దగ్గర ఆ రెండో సగం ఎన్నడూ కనబడలేదు. ఎంత వెతికినా లేదు.

"చచ్చిన వూనిబాల్ట్ తిరుగుతున్నాడు," అని ఊరంతా తేల్చేసింది. ఆ మాట వింటే చాలు, ఒట్మార్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఒట్మార్‌ది మొదట్నించీ ముక్కు మీద కోపం. రెండొందల ఎకరాల పైచిలుకు అడవీ, పొలమూ తాతల నాటి నుంచి వచ్చింది. అందులో పన్నెండు మంచెలు. ఉప్పురాళ్ళు ఎక్కడ పెట్టాలో, ఏ మొక్కజొన్న చెక్క జింకలకి వదిలెయ్యాలో, ఏ ఏడు ఎన్ని కొట్టాలో అన్నీ ఆయన చెప్పినట్టే జరగాలి. "నా నేల" అనే మాట ఆయన నోట రోజుకి నలభై సార్లు వచ్చేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం.

వూనిబాల్ట్ ఆ నేలకి కాపరి. ఒట్మార్ తండ్రి రోజుల నుంచీ నలభై ఏళ్ళు ఆ అడవిని కనిపెట్టుకుని ఉన్నాడు. హేలా అని ఆయనకో ఎర్ర కుక్క, దాని మెడలో ఇత్తడి గంట.

రెండేళ్ళ కిందట, నవంబరు వేటలో, పట్నం నుంచి వచ్చిన అతిథులందరి ఎదుటా ఒట్మార్ ఒక పందిని కాల్చాడు. పంది పరిగెత్తి చీకట్లో కలిసిపోయింది. చోటంతా టార్చి వేసి చూశారు. నెత్తుటి చుక్క లేదు.

"తప్పింది. పదండి, బీరు తాగుదాం," అన్నాడు ఒట్మార్.

వూనిబాల్ట్ కదల్లేదు. "అయ్యా, తప్పలేదు. పందికి కొవ్వు గాయాన్ని పూడ్చేస్తుంది, నెత్తురు కారదు. కుక్క చెప్పేదాకా తప్పిందని అనకూడదు. ఎక్కడో పడి నరకం పడుతూ ఉంటుంది."

అందరూ ఒట్మార్ మొహం వంక చూశారు. ఆయన మొహం ఎర్రబడింది.

"నా నేల మీద, నా గుండు సంగతి నువ్వు నాకు చెప్తావా? పో! రేపట్నించి నీ మొహం నాకు చూపించకు!"

వూనిబాల్ట్ హేలాని తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి మాత్రం కాదు, లోయలోకి వెళ్ళాడు. తెల్లారి చూస్తే అక్కడ చచ్చిన పంది, దాని నోట్లో పచ్చికొమ్మ, పక్కనే గుండె ఆగిపోయిన వూనిబాల్ట్. కాళ్ళ దగ్గర హేలా కూర్చుని ఉంది. రెండో సగం ఆయన పిడికిట్లో బిగుసుకుపోయింది. పిడికిలి విప్పడం ఎవరి తరమూ కాలేదు. అలాగే పెట్టెలో పెట్టి పాతిపెట్టారు.

పోలీసులు అడిగితే ఒట్మార్ ఏమన్నాడు? "ఆ పంది పక్కవాడి నేల నుంచి వచ్చింది. నా గుండు కాదు." అంతే అన్నాడు. సిగ్గుండాలి ఆ మాట అనడానికి.

ఆ చలికాలం నుంచే గంట మోగడం మొదలైంది.

* * *

ఒట్మార్‌కి పిల్లల్లేరు. అక్క కొడుకు కిలియన్ పద్నాలుగేళ్ళుగా ఆ నేలకి సేవ చేస్తున్నాడు. పెళ్ళైంది, ఇద్దరు పిల్లలు. రేపెప్పుడైనా నేల అతనిదే అని ఊరంతా అనుకుంటుంది. ఆ సాయంత్రం పెరట్లో మంచె నిచ్చెనకి కొత్త మెట్లు కొడుతున్నాడు.

ఒట్మార్ వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు.

"లోయలో ఇంకోటి దొరికింది. కుళ్ళిపోయి, నక్కలు పీకి... నోట్లో కొమ్మ. నాలుగోది!"

"విన్నాను, మావయ్యా."

"వింటావు. ఎందుకు వినవు! ఈ నేల మీద తుపాకీ పట్టేది ముగ్గురం. కాల్చి వదిలేసేది ఆ పళ్ళ డాక్టరే అనుకుని వేసవిలోనే తన్ని తరిమాను. ఇంకా దొరుకుతున్నాయి. ఇక మిగిలింది నువ్వూ నేనూ. నేను కాదు. మరెవరు, మీ ఆవిడా?"

కిలియన్ సుత్తి కింద పెట్టాడు. "నేను కాల్చినవి నేను వెతికించుకున్నాను. అన్నీ మంచుగదిలో వేలాడుతున్నాయి, లెక్క చూసుకో... అయినా నువ్వు కాదని నీకెలా తెలుసు?"

"ఏమిటీ!"

"అడుగుతున్నానంతే."

ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ కోపమంతా కిలియన్ నెత్తిన పడింది. ఒట్మార్ అరుపుకి పక్కింటి కోళ్ళు కూడా చెదిరిపోయాయి.

"రేపు పొద్దున్నే తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టు. మంచెలవీ, తుపాకీ గదిదీ, అన్నీ. నీ నీడ నా నేల మీద పడకూడదు. ఈ రాత్రికి నేనే కూర్చుంటాను. ఆ గంట వాయించే దొంగెవడో మెడ పట్టుకుని ఈడ్చుకొస్తా. వాడూ నీ తోడుదొంగే అయ్యుంటాడు!"

"పద్నాలుగేళ్ళు, మావయ్యా," అన్నాడు కిలియన్.

* * *

నిండు చంద్రుడు. కొత్తగా పడ్డ మంచు. పందుల వేటకి అంతకన్నా మంచి రాత్రి ఉండదు.

ఒట్మార్ లోయ అంచున ఉన్న మంచెక్కి, టోపీ మేకుకి తగిలించి, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కింద కోసేసిన మొక్కజొన్న చేను తెల్లగా మెరుస్తోంది. కోపం చల్లారలేదు. లోపల్లోపల కిలియన్‌ని తిడుతూనే ఉన్నాడు. వెన్న పెట్టి పెంచితే నన్నే అడుగుతాడా... నువ్వు కాదని నీకెలా తెలుసట!

తన గుండ్లు ఆయనకి తెలియవా? తుపాకీ మందు తనే కూరుకుంటాడు, రాగి గుండ్లు. కిలియన్ కొట్లో కొనే సీసం గుండ్లంటే ఆయనకి చిన్నచూపు. ఆగస్టులో ఒకటి తప్పింది, నిజమే. సెప్టెంబరు చివర ఒకటి. అంతకుముందు ఒకటో రెండో... తప్పితే తప్పుతాయి. అందరికీ తప్పుతాయి.

పదకొండు దాటాక చేలోకి ఒక పంది వచ్చింది. పెద్ద మగది. వచ్చిన పని వేరే అయినా వేటగాడి చెయ్యి ఊరుకోదు కదా. గురి చూసి కాల్చాడు.

పంది ఎగిరిపడింది... పరిగెత్తింది... లోయలోకి దిగిపోయింది.

ఒట్మార్ కిందికి దిగి టార్చి వేశాడు. మంచు మీద గిట్టల గుర్తులున్నాయి. నెత్తురు లేదు.

"తప్పింది," అన్నాడు పైకే.

అప్పుడు — కింద లోయలో —

టింగ్...

ఒట్మార్ వీపు జలదరించింది. ఒక్క క్షణమే. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది. తుపాకీ పైన వదిలేసి, టార్చి పట్టుకుని, కొమ్మలు మొహాన కొడుతున్నా లెక్కచెయ్యకుండా లోయలోకి దిగాడు.

టింగ్... టింగ్...

దగ్గరకి వెళ్ళేకొద్దీ దూరం జరుగుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. టార్చి వెలుతురులో, మోడు మీద కూర్చుని ఒక మనిషి ఆకారం...

"ఎవరది! కదిలావంటే..."

"అరవకండి, ఒట్మార్ గారూ. మీ గొంతూ మీ తుపాకీ, రెండూ మా ఇంట్లో మంచం దాకా వినిపిస్తాయి."

అఫ్రా. వూనిబాల్ట్ కూతురు. గుట్ట అవతల ఊళ్ళో పాల బండి నడుపుతుంది. చేతిలో తుపాకీ లేదు. పక్కన కుక్క కూడా లేదు.

ఒట్మార్‌కి అంతా తేలిపోయినట్టనిపించింది. "నువ్వా! రెండేళ్ళ నుంచీ నువ్వా ఈ నాటకం! నా నేల మీదికి దొంగతనంగా వచ్చి, నా పరువు తియ్యడానికి..."

"తుపాకీ పేలితే నాకు నిద్ర పట్టదు," అంది అఫ్రా. "మా నాన్న బుద్ధే నాకూ వచ్చింది. వచ్చి వెతుకుతాను. ఈ రాత్రి మీరు కూర్చుంటారని విని ముందే వచ్చాను. దొరికిన పంది ఒంట్లోంచి ఇవి తీస్తాను."

జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి, మూత తెరిచి, టార్చి కింద పెట్టింది.

నాలుగు గుండ్లు. పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి. నాలుగూ రాగివే.

ఒట్మార్ టార్చి ఇంకా దగ్గరికి జరిపాడు.

"కిలియన్‌ది ఒక్కటన్నా ఉందేమో చూసుకోండి," అంది అఫ్రా. "మీరు తప్పిందని బీరు తాగడానికి వెళ్ళిన ప్రతిసారీ, ఈ ముళ్ళపొదల్లో ఒక ప్రాణం రాత్రంతా కొట్టుకుంది. ఆ డాక్టర్ని తరిమారు. రేపు మేనల్లుణ్ణి తరుముతారట, ఊరంతా తెలిసిపోయింది. మా నాన్నని ముందే తరిమారు. ఇంకెవర్ని తరుముతారు? మీకు మీరు తప్ప ఇక్కడ మిగిలిందెవరు?"

"ఆ... ఆ కొమ్మలు పెట్టి, గంట వాయించి, జనాన్ని భయపెట్టడం మాత్రం..." మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఒట్మార్ ఆ మాట పట్టుకున్నాడు.

అఫ్రా ఆయన వంక వింతగా చూసింది.

"కొమ్మలు నేను పెట్టలేదు. నేను వచ్చేసరికే ఉంటాయి."

"మరి గంట?"

"హేలా పోయిన ఈస్టర్‌కే చచ్చిపోయింది. గంట దాని మెడలోనే ఉంచి పాతిపెట్టాను. నేనూ ఆ చప్పుడు పట్టుకునే వస్తాను..."

టింగ్...

లోయ అడుగున. చాలా దగ్గర్లో.

ఒట్మార్ అటు తిరిగాడు. అఫ్రా మాత్రం మోడు మీద నుంచి లేవలేదు.

"ఈసారి నేను వెళ్ళను," అంది నెమ్మదిగా. "కాల్చిన వాళ్ళే వెళ్ళాలి."

* * *

ముళ్ళలో పాకుతూ వెళ్ళాడు ఒట్మార్. వూనిబాల్ట్ నలభై ఏళ్ళు ఎలా పాకాడో అలాగే. మోకాళ్ళు తడిసిపోయాయి, చేతులు చీరుకుపోయాయి. ముందు గంట మోగుతోంది. ఆగుతోంది. ఈయన దగ్గరకి రాగానే మళ్ళీ మోగుతోంది.

ఆఖరి పొద కింద పంది పడి ఉంది. ప్రాణం పోయింది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది.

నోట్లో పచ్చటి స్ప్రూస్ కొమ్మ. విరిచిన చోట జిగురు ఇంకా కారుతోంది.

ఒట్మార్ చుట్టూ టార్చి తిప్పాడు. మంచు మీద పంది గిట్టలు... తను పాకిన చాళ్ళు... ఇంకే గుర్తూ లేదు.

"ఎవర్రా!" అని అరిచాడు. చెట్లు పలకలేదు. "ఎవర్రా అది!" రెండో అరుపులో సగం ఏడుపు కలిసింది.

అప్పుడు చూశాడు. పంది డొక్క మీద, గాయానికి అడ్డంగా, రెండో సగం ఉంది.

అది పచ్చిది కాదు. ఎండిపోయి, ఎర్రబారి, ఆకులు సగం రాలిపోయి... ఎవరో చాలా కాలం గట్టిగా పట్టుకున్నట్టు మధ్యలో నలిగిపోయి ఉంది.

ఒట్మార్ చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకి కోప్పడడానికి మనిషి దొరకలేదు. చివరికి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"నాదే," అన్నాడు. "ఇదీ నాదే... అవన్నీ నావే... ఆ రోజుదీ నాదే, వూనిబాల్ట్."

గంట ఆగిపోయింది.

పైకి వచ్చాక అఫ్రా ఆ ఎండుకొమ్మని చూసింది. టార్చి లాక్కుని మళ్ళీ చూసింది.

"పెట్టెకి మేకులు కొట్టేటప్పుడు... నాన్న చేతిలో... నేనే చూశాను..." అంది.

* * *

తెల్లారి కిలియన్ తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒట్మార్ టోపీకి ఎండుకొమ్మ ఉంది. తాళాల గుత్తిని తనే తోసి, మళ్ళీ కిలియన్ ముందు పెట్టాడు.

"నావే రా. అన్నీ నావే."

కిలియన్ వెంటనే తీసుకోలేదు. నిలబడి మొదటిసారి మావయ్యని తనివితీరా తిట్టాడు. ఒట్మార్ తలొంచుకుని విన్నాడు. పళ్ళ డాక్టరింటికి వెళితే ఆయన తలుపే తియ్యలేదు. పోలీసుల దగ్గరికి వెళ్ళి పాత వాంగ్మూలం మార్పించుకున్నాడు. చచ్చినవాడి సమాధి దగ్గర ఏం చెప్పుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అఫ్రా ఒక కొత్త కుక్కపిల్లని పెంచుతోంది. ఒట్మార్ నేల మీద గుండు పేలితే, తగిలినా తప్పినా, ముందు ఆమెకి ఫోను వెళ్ళాలి. అది కిలియన్ పెట్టిన నియమం. ముసలాయన కిక్కురుమనకుండా పాటిస్తున్నాడు. గంట మోగడం కూడా ఆగిపోయింది. పుట్టగొడుగుల ముసలమ్మలు కాస్త పొద్దుపోయేదాకా ఉంటున్నారు.

మొన్న జనవరిలో మాత్రం ఒట్మార్ ఒక్కడే ఆ మంచె మీద కూర్చుని ఒక పందిని కాల్చాడట. నెత్తురు లేదు. అర్ధరాత్రి. ఎముకలు కొరికే చలి. ఫోను జేబులోంచి తీశాడట... ఈ వేళప్పుడు ఆమెని లేపాలా, తప్పిందేమోలే... అని ఒక్క క్షణం తటపటాయించాడట.

ఒక్క క్షణమే.

కింద లోయలో... టింగ్.