నవ్విన పాదం కొలత

"ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి!"

ఆ గొంతుకి అతను ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా కుర్చీలో బస్సు కండక్టరు. భుజాన టిక్కెట్ల సంచి, జుట్టు నిండా వాన చినుకులు. కుడికాలి బూటు విప్పి కాలు చాచినదల్లా, అతను ఫోన్ దగ్గరికి తేగానే టక్కున వెనక్కి లాక్కుంది.

"నొప్పికి మందివ్వమని వస్తే ఫొటోలు తీస్తారేంటి? పేపర్లో వేస్తారా?"

"ఫొటో కాదండీ, స్కాన్. ఈ ఫోన్‌ని మీ పాదం చుట్టూ తిప్పితే ఎత్తుపల్లాలన్నీ కంప్యూటర్లోకి వెళ్తాయి. వాటిని బట్టి మీ బూటులో పెట్టుకునే ఇన్‌సోల్ తయారుచేస్తాను. అది మీ కాలికి తప్ప ఇంకెవరికీ సరిపోదు."

"అయితే దొంగలు పట్టుకెళ్ళినా దండగేనన్నమాట," అంటూ కాలు మళ్ళీ చాచింది.

ఆ పాదాల క్లినిక్ అతని అక్కది. ఆవిడ డాక్టరు, లోపలి గదిలో నొక్కి చూసి జబ్బు చెబుతుంది. ముందుగదిలో కొలతలు తీయడం, ఇన్‌సోల్స్ చేయడం అతని పని. కండక్టరుకి అరికాలి వంపు కుంగిపోతోందని అక్క చెప్పింది. ఏడేళ్ళుగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్న మనిషి మరి, రోజుకి ఎనిమిది గంటలు కదిలే బస్సులో నిలబడే ఉద్యోగం.

"పాదం వదులుగా వదిలేయండి. నిద్రపోతున్నట్టు."

"మీరు మడమ పట్టుకుంటే చక్కిలిగింత పుడుతోంది, నిద్రెలా పోతుంది?"

"కదిలారంటే కొలత పెరిగిపోతుంది. అప్పుడు మీ బూటులో మీతోపాటు మీ డ్రైవర్ని కూడా కూర్చోబెట్టాలి."

ఆమె పకపకా నవ్వింది. కుంటుతూ వచ్చి, మూలుగుతూ వెళ్ళేవాళ్ళే తప్ప నవ్వేవాళ్ళు ఆ గదికి ఎప్పుడూ రాలేదు. అతను తలెత్తి ఆమె ముఖం చూశాడు. ఫోన్ 'టింగ్'మంది, స్కాన్ అయిపోయిందని. ఒకసారి సరిచూసుకోవాలి. కానీ బయట నలుగురు కూర్చుని ఉన్నారు, పైగా అతని చూపు ఫోన్ మీద లేదు.

ఇన్‌సోల్స్ తీసుకెళ్ళిన వారానికే ఆమె తిరిగొచ్చింది.

"ముల్లు దిగినట్టుందండీ, సరిగ్గా మధ్యలో."

"కొత్తవి కదా. అలవాటవ్వడానికి రెండు మూడు వారాలు పడుతుంది."

"నిజమేనా?"

"నన్ను నమ్మండి."

ఆమె నమ్మింది. అదే అతన్ని తర్వాత నిలవనీయలేదు.

అప్పటినుంచి సాయంత్రాలు అతను ఆమె బస్సే ఎక్కసాగాడు. మూడోరోజుకే పట్టేసింది.

"మీ ఇల్లు అటుకదా, ఇటు ఎక్కారేంటి?"

"గాలి కోసం."

"వానలో, కిటికీలన్నీ మూసిన బస్సులో?"

పక్కసీటు ముసలాయన దగ్గు అడ్డం పెట్టి నవ్వుకున్నాడు. ఆమె టిక్కెట్టు చింపి ఇస్తూ, "ఇంత దూరానికి గాలి ఖరీదు ఎక్కువే," అంది. అంటూనే కుడికాలు ఎత్తి ఎడమకాలి మీద బరువు వేసుకుంది. అది అతను చూశాడు. చూసి, ఇంకో వారంలో సర్దుకుంటుందిలే అనుకున్నాడు.

ఒక సోమవారం ఆ బస్సులో వేరే కండక్టరు ఉన్నాడు.

"ఆవిడా? మొన్న మెట్ల మీద కాలు నిలవక కిందపడింది. మణికట్టు విరిగింది పాపం. తన కాలు పనికిరాదంటోంది, ఇక బస్సెక్కదట. డిపోలో కూర్చోబెట్టారు."

అతను తరువాతి స్టాపులోనే దిగిపోయాడు. తడుస్తూ క్లినిక్‌కి వెళ్ళి కంప్యూటర్లో ఆమె స్కాన్ తెరిచాడు. పాదాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. ఐదు వేళ్ళూ పైకి లేచి ఉన్నాయి. నవ్వినప్పుడు బిగుసుకున్నవి. వేళ్ళు పైకి లేస్తే అరికాలి వంపు దానంతటదే పైకి లేస్తుంది. ఈ పని నేర్చుకున్న మొదటిరోజే చెప్పే పాఠం. లేని వంపుకి అతను ఇన్‌సోల్ చేశాడు. ఆ ఎత్తు మీద ఆమె రోజుకి ఎనిమిది గంటలు నిలబడింది.

వెనక నుంచి చూసిన అక్కకి వివరం చెప్పనక్కర్లేకపోయింది.

"కొత్తవి చేసి పంపించరా. బూటు మారిందనో, ఏదో ఒకటి చెబుదాం. ఈ సంగతి మనిద్దరికే తెలుసు."

"తన కాలే పనికిరాదనుకుంటోందక్కా. వెళ్ళి చెప్పాలి."

"బయటికి పొక్కితే క్లినిక్ ఏమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించాను."

"ఆలోచించి కూడా వెళ్తావా?"

అతను గొడుగు తీసుకున్నాడు. అక్క ఆపలేదు.

డిపోలో, బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులు దాచే గది. కిటికీ లేదు. గొడుగులు, చేతిసంచులు, ఒంటి చెప్పులు, అన్నిటికీ చీటీలు. వాటి మధ్య బల్ల వెనక ఆమె, చేతికి కట్టుతో. అతన్ని చూడగానే ముఖం విప్పారింది.

"ఏం మరిచిపోయారు?"

"ఆరోజు మీరు నవ్వారు. వేళ్ళు పైకి లేచాయి. నేను మళ్ళీ తీయాల్సింది, తీయలేదు. స్కాన్ తప్పు, ఇన్‌సోల్ తప్పు. నొప్పి అని మీరు వస్తే అలవాటవుతుందన్నాను, అది ఇంకా పెద్ద తప్పు. మీ కాలి తప్పేమీ లేదు."

ఆమె ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"పడిన మర్నాడే కాగితం రాసిచ్చాను," అంది. "ఇక బస్సు వద్దు, ఈ గదే ఇవ్వండని. రాసి, ఇంటికెళ్ళి మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. నొప్పి ఎక్కువైనకొద్దీ మీరు నమ్మమన్న మాట గుర్తు చేసుకుని ఇంకా గట్టిగా నిలబడేదాన్ని."

"మళ్ళీ కొలత తీసి..."

"వెళ్ళండి."

"ఒక్కసారి..."

"వెళ్ళమన్నానా!"

మూడు వారాలు ముసురు వదల్లేదు. అతను ప్రతి పాదాన్నీ మూడుసార్లు కొలుస్తున్నాడు. అక్క భోజనాల దగ్గర రెండోసారి వడ్డించి అక్కడే కూర్చునేది.

నాలుగో వారం ఒక పెద్దావిడ క్లినిక్ తలుపు తోసుకుని వచ్చింది. వెనక, గుమ్మం బయటే, ముఖం తిప్పుకుని కండక్టరు.

"నువ్వేనా ఆ అబ్బాయివి?"

"నేనేనండీ."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? సరే, తొక్కావు. ఇప్పుడు కడుగు. దీని కొలత మళ్ళీ తియ్యి."

"అమ్మా, నాకు ఈయన మీద నమ్మకం లేదన్నాను కదా," అంది ఆమె బయటినుంచే.

"నాకూ లేదు. కానీ ఎవరూ అడక్కుండా తన తప్పు తానే వచ్చి చెప్పినవాడు, రెండోసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాడు. వేరేచోటికి వెళ్తే ఆ భరోసా ఎక్కడుంది? లోపలికి రా."

ఆ రోజు ఎవరూ జోకులు వేయలేదు. ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది. అతను ఆమె వేళ్ళు వదులయ్యాయని చూసుకుని మొదలుపెట్టాడు. నాలుగు స్కాన్లు తీసి, వేళ్ళు, మడమ, వంపు పెద్దావిడకి కూడా చూపించాడు. రెండు రోజులు కూర్చుని ఇన్‌సోల్ గీశాడు. వంపు ఎత్తు ఒకేసారి పెట్టకుండా మూడు జతలుగా, కొంచెం కొంచెం పెంచుతూ చేశాడు.

మొదటి జత తర్వాత ఆమె, "పరవాలేదు," అంది. రెండోదానికి, "మెట్లు దిగగలుగుతున్నాను," అంది. మూడోది తీసుకున్నాక రాసిచ్చిన కాగితం వెనక్కి తీసుకోవడానికి డిపో డాక్టరు పరీక్షకి వెళ్ళింది. వరండాలో బల్లమీద ఆమె తల్లి, ఆ చివర అతను. పొద్దున వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి బయటికొచ్చింది.

"ఒంటిపూట డ్యూటీయే ఇచ్చారు. ఊళ్ళో చిన్న రూటు. నా పాత రూటు వేరేవాళ్ళకి ఇచ్చేశారట. ఇక రాదు."

చేతులు కాలాక పట్టుకున్న ఆకులు ఎంతవరకు పనిచేస్తాయి?

"కోపం పోయిందా?" అన్నాడతను.

"ఎందుకు పోతుంది? వాన పడితే మణికట్టు సలుపుతుంది, అప్పుడు మిమ్మల్ని తిట్టుకుంటాను. సాయంత్రం కాలు నొప్పి లేకుండా ఇంటికొస్తే, అప్పుడూ మీరే గుర్తొస్తారు. నన్నేం చేయమంటారు?"

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడతను. "డిపోకి వచ్చిన రోజే చెప్పాలనుకున్నాను. తప్పు ఒప్పుకోవడానికి వచ్చి ఇష్టం చెబితే, క్షమించమని లంచం ఇచ్చినట్టుంటుందని ఊరుకున్నాను."

ఆమె తలవంచుకుంది. కళ్ళు తడిశాయో, వాన జల్లు కొట్టిందో తెలియలేదు.

"బాబూ, నాకు చెవులు బాగానే వినిపిస్తాయి," అంది బల్లమీది పెద్దావిడ లేస్తూ. "వరండాలో తేలే మాటలు కావివి. మీ అక్కయ్యని తీసుకుని ఇంటికి రా."

తల్లీకూతుళ్ళు వానలోకి అడుగు పెట్టారు. అతను నిలబడ్డచోటే నిలబడిపోయాడు. నాలుగడుగులు వేశాక ఆమె వెనక్కి తిరిగింది.

"ఇంకా అక్కడే నిలబడ్డావేంటి? వస్తున్నావా, లేదా?"

నువ్వు అనడం అదే మొదటిసారి. అతను గొడుగు కూడా మరిచిపోయి వానలోకి దిగాడు.