ట్యాంకు లేని బండికి మందు

"అదంతా రంగునీళ్లు పెద్దాయనా. అమ్మేవాళ్లు నవ్వుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు" అన్నాడు తేసూ.

అనవలసిన మాట కాదు. అతను జేజు దీవిలోని నామ్వన్ పెట్రోలు బంకు పక్కనున్న ఆ చిన్న కొట్టుకి వచ్చింది వైపర్ రబ్బరు కోసం. బయట వాన దంచి కొడుతోంది. ముందు నిలబడ్డ పెద్దాయన, ఇంజన్ మసి కరిగించే మందు సీసాను చేతిలో పట్టుకుని కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు. తేసూ మాట వినగానే సీసా అక్కడే పెట్టేసి, "వద్దులే తల్లీ, ఇంకోసారి చూద్దాం" అని గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

బల్ల వెనకనుంచి అమ్మాయి లేచి వచ్చింది. పేరు బొరామ్. బంకు యజమాని కూతురు. అప్పుడే నోట్లో వేసుకున్న కమలాతొన ఇంకా బుగ్గలోనే ఉంది.

"ఏమండీ, మీరెవరు?"

"నేనా? వైపర్ రబ్బరు..."

"వైపర్ రబ్బరుకి వచ్చినవాళ్లు వైపర్ రబ్బరు కొనుక్కుని వెళ్తారు. నా బేరం చెడగొట్టరు. ఈ మందు ఎప్పుడైనా వాడారా?"

"లేదు."

"వాడకుండానే రంగునీళ్లని తెలిసిపోయిందా? ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఉంటుంది చూశారూ, దాని రంధ్రాలు వెంట్రుక మందం. మసి పట్టిందంటే జల్లుగా పడాల్సిన పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతుంది. అప్పుడే బండి దగ్గుతుంది, ఎక్కిళ్లు పెడుతుంది, సిగ్నల్ దగ్గర ఆపితే వణుకుతుంది. మీ బండి వణుకుతుందా?"

ఉబ్బిన ఆ ఒక్క బుగ్గతో అంత కోపం ఎలా పడగలుగుతోందా అని తేసూ ఆశ్చర్యంగా చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తల ఊపాడు.

"చూశారా! ఈ సీసా పట్టుకెళ్లండి. ట్యాంకు అడుగంటాక ముందు ఇది పొయ్యండి, ఆ పైన నిండా పెట్రోలు కొట్టించండి. ఆ ట్యాంకు అయిపోయేదాకా నడపండి. తేడా ఉంటే వచ్చి నా ఎదుట ఒప్పుకోండి. తేడా లేకపోతే మళ్లీ ఈ గడప తొక్కకండి."

తేసూ సీసా కొనుక్కుని వానలోకి నడిచాడు. వైపర్ రబ్బరు సంగతే మర్చిపోయాడు.

చిక్కల్లా ఒక్కటే. వీధి మలుపులో ఆపిన అతని బండికి అసలు ట్యాంకే లేదు. అది ముందూ వెనకా కరెంటు బండ్లకే ఇచ్చే నీలం నంబరు పలకలున్న ట్రక్కు. కమలాపండ్ల పెట్టెలు తోటలనుంచి ఓడరేవుకి చేరవేసే తేసూకి పెట్రోలు వాసన తగిలి ఏడాదైంది.

*

"ఏంట్రా అది?" అంది అక్క మీరాన్, బల్లమీద సీసా చూసి.

"మందు."

"పొద్దుపొద్దున్నే మందేంట్రా!"

"తాగేది కాదక్కా. ఇంజన్లో పోసేది."

"నీ బండికా? ఎక్కడ పోస్తావు, చార్జింగ్ పెట్టే కన్నంలోనా?"

తేసూ జరిగింది చెప్పాడు. అక్క కిమ్చీ పచ్చడి గిన్నె పక్కన పెట్టి, నేలమీద కూర్చుని మరీ నవ్వింది.

"నాకు కరెంటు బండి ఉందని ఒక్క ముక్క చెప్తే అయిపోయేదిగా?"

"చెప్తే మళ్లీ వెళ్లడానికి పనేముంటుంది?"

అక్క నవ్వు ఆపి తమ్ముణ్ని ఎగాదిగా చూసింది. "ఓహో. అలాగా" అంది.

తేసూ మళ్లీ వెళ్లాడు. తేడా లేదంటే గడప తొక్కకూడదు. పూర్తిగా బాగైందంటే ఇక రావాల్సిన అవసరమే ఉండదు. అందుకని మధ్యేమార్గం పట్టాడు.

"దగ్గు కాస్త తగ్గిందండీ. ఎక్కిళ్లు మాత్రం ఉన్నాయి."

అతను చెప్పే రోగాలన్నీ అక్క పాత తెల్లకారువి. నిజంగానే అది ఎర్రలైటు దగ్గర చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఇంట్లో ఆ కారు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే అన్ని లక్షణాలు కల్పించడం తేసూ వల్ల అయ్యేది కాదు.

"ట్యాంకు అడుగంటాకే పోశారా?"

"అడుగునే... ఏమీ లేనప్పుడు."

"మంచిది. కానీ ఊళ్లోనే ఆగుతూ సాగుతూ తిప్పితే లాభం లేదు. కొండదారి ఎక్కించండి. ఆపకుండా ఒకే వేగంతో పోవాలి."

నీలం పలక కంటబడకుండా తేసూ ట్రక్కును పోస్టాఫీసు వెనక ఆపి, అక్కణ్నుంచి పరిగెత్తేవాడు. ఆ శరదృతువులో వాన కూడా అతని మీద పగబట్టినట్టే కురిసింది.

"కారులో వచ్చి ఇంత తడిశారేంటి?" అంది బొరామ్ ఓ రోజు, తువ్వాలు అందిస్తూ.

"అద్దం సరిగా మూసుకోదండీ."

"దానికి మాత్రం నా దగ్గర మందు లేదు."

"వాన పడితే వణుకు ఎక్కువవుతోంది కూడా."

"మీకా, బండికా?"

"ఇద్దరికీ."

బొరామ్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. తేసూ ఇంకో సీసా అడిగాడు. "ఒకదాని వెనక ఒకటి పొయ్యడం మంచిది కాదు, ఇవ్వను" అంది. స్నేహితుడి కోసమని అబద్ధమాడి తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంకో స్నేహితుడు పుట్టాడు. సీసాలు అతని గది కిటికీ గట్టుమీద వరసగా నిలబడ్డాయి, దేని మూతా తియ్యకుండా.

ఓ సాయంత్రం బొరామ్ ముఖం కళ తప్పి ఉంది.

"నాన్న ఈ మూల ఖాళీ చేసి కాఫీ మిషన్ పెడతానంటున్నాడు. మందులు పోవట్లేదట" అంది. "శనివారం కమలాతోటల సంఘం కూర్చుంటోంది. కోతలకి ముందు అందరి బండ్లకీ ఒకేసారి మందు తీసుకుందామా అని. వాళ్లు ఒప్పుకుంటే ఈ మూల నాది. లేకపోతే కాఫీ మిషన్‌ది."

"ఒప్పుకుంటారు లెండి."

"ఎలా ఒప్పుకుంటారు? నేను అమ్మేదాన్ని, నా మాట ఎవరు నమ్ముతారు? మీరు రండి. మొదట రంగునీళ్లన్నది మీరే. అలాంటి మీరే మీ కారు తెచ్చి, తేడా ఉందని చెబితే జనం నమ్ముతారు. వస్తారా?"

"వస్తాను" అన్నాడు తేసూ. అన్నాక, తనకి అసలు కారే లేదన్న సంగతి గుర్తొచ్చింది.

*

"నా కారా? చస్తే ఇవ్వను" అంది అక్క.

"కొన్ని రోజులే అక్కా. నిన్ను నేనే నా ట్రక్కులో దింపుతాను."

"అందులో ఏదేదో పోసి పాడు చేస్తే?"

"పాడవదు. బొరామ్ చెప్పింది."

"బొరామ్ చెప్పిందా! అయితే ఇంకేం!" అంది అక్క. కానీ తాళాలు విసిరింది. "సంఘంలో అబద్ధం చెప్పకు. చెప్పేది ముందు నిజం చేసుకుని వెళ్లు."

తేసూ బొరామ్ చెప్పినట్టే చేశాడు. ట్యాంకు అడుగంటేదాకా ఆగాడు. ముందు సీసా పోశాడు, పైన నిండా పెట్రోలు కొట్టించాడు. ఈ పని వేరే ఊరి బంకులో చేశాడు, దొంగతనానికి వెళ్లినట్టు. రోజూ పని దిగగానే కారును కొండదారి ఎక్కించి, ఇటు సొగ్విపోనుంచి అటు జేజు పట్నందాకా వెళ్లి వచ్చాడు. మొదట్లో ఏ తేడా లేదు. ఎర్రలైటు దగ్గర ఆగితే పక్కనున్న ఖాళీ కాఫీ డబ్బా ఆ వణుకుకి గలగలమంటూనే ఉంది.

ట్యాంకు సగం దాటాక ఓ రోజు సిగ్నల్ దగ్గర ఆగాడు. ఏదో లోటుగా అనిపించింది. చూస్తే డబ్బా మోగడం లేదు. ఇంజన్ ఆగిపోయిందేమోనని కంగారుపడి పెడల్ తొక్కాడు. ఆగలేదు, నడుస్తోంది.

"రంగునీళ్లు కాదు!" అని అరిచాడు తేసూ. పక్క కారులో ఆవిడ ఉలిక్కిపడి అద్దం పైకెత్తుకుంది.

*

శనివారం సంఘం గోదాము ముందు తోటలవాళ్లంతా చేరారు. బొరామ్ తండ్రి ఓ పెట్టెమీద కూర్చుని, అంతా చూస్తాను అన్నట్టు చేతులు కట్టుకున్నాడు. తేసూ కారు బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్ చేసి, ఈ వారంలో తను చూసిందంతా చెప్పాడు. సంఘం పెద్ద యాంగ్ బానెట్ అంచుమీద చెయ్యేసి కాసేపు ఉంచాడు.

"వణుకు లేదే" అన్నాడు.

బొరామ్ కళ్లు మెరిశాయి. అప్పుడు వెనకనుంచి, తోటలవాళ్లలో ఒకావిడ, ఓక్సున్ అవ్వ గొంతు వినిపించింది.

"ఒరేయ్, నువ్వు కరెంటు బండి అబ్బాయివి కదూ? చప్పుడు లేకుండా వెనకనించొచ్చి మొన్న నా గుండె ఆపబోయావు! నీకు పెట్రోలుతో పనేంట్రా?"

జనం తలలన్నీ తేసూ వైపు తిరిగాయి.

"కరెంటు బండా?" అంది బొరామ్.

"అవునండీ. ఇది మా అక్క కారు."

"మరి ఆ దగ్గు?"

"అక్క కారుదే."

"ఎక్కిళ్లు?"

"అవీ అక్క కారువే."

"వానలో వణుకు?"

తేసూ తల దించుకున్నాడు. "అది నాదండీ."

ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి అన్ని సీసాలు ఏం చేశారు?"

"ఒకటి దీన్లో పోశాను. మిగతావి మూత కూడా తియ్యలేదు."

"అయితే ఎందుకు కొన్నారు?"

తేసూ నోరు తెరిచేలోగా ఓక్సున్ అవ్వ అందుకుంది. "ఎందుకేంటే పిచ్చిపిల్లా! ఇంతమందికి అర్థమైంది, నీ ఒక్కదానికే కాలేదా?"

జనం విరగబడి నవ్వారు. బొరామ్ నవ్వలేదు. ఆమె ముఖం కందిపోయింది.

"నేను మిమ్మల్ని నమ్మి, మా నాన్న ఎదుట, వీళ్లందరి ఎదుట నిలబెట్టాను" అంది మెల్లగా.

ఆ మాటకి తేసూకి పారిపోవాలనిపించింది. కానీ పారిపోతే ఆమె మూల కాఫీ మిషన్‌ది అవుతుంది. అతను యాంగ్ పెద్ద వైపు తిరిగాడు.

"కొట్లో ఇన్నాళ్లూ ఆమెతో చెప్పింది అబద్ధం. ఇప్పుడు మీకు చెప్పింది నిజం. కావాలంటే ఏదైనా అడగండి."

"పెట్రోలు ఆదా అయిందా?"

"నాకు తెలియలేదు. అయిందని చెప్పను."

"పాత బండి కొత్తదవుతుందా?"

"అవదు. అక్క కారు తలుపు ఇప్పటికీ కీచుమంటుంది. పూర్తిగా చెడిన ఇంజెక్టర్‌ని ఇది బాగు చేస్తుందనీ నేననను. దానికి మెకానిక్కే కావాలి. మసి పట్టి వణికే బండికి వణుకు తగ్గింది. నేను చూసింది అంతే."

యాంగ్ పెద్ద చుట్టూ చూశాడు. "మందు అమ్మేవాడెవడూ ఇన్ని కాదులు చెప్పడు" అన్నాడు. "పైగా ఇంత పరువు పోయినవాడికి ఇంకా అబద్ధం చెప్పి మిగుల్చుకునేది ఏముంది? తీసుకుందాం."

చేతులు లేచాయి. బొరామ్ సంఘం పెద్దకి వంగి నమస్కరించింది. తండ్రితో కలిసి వెళ్లిపోయింది. తేసూ వైపు మాత్రం చూడలేదు.

*

వారం పాటు తేసూ ఆ వీధి ఛాయలకి వెళ్లలేదు. ఆ తర్వాత ఉండబట్టలేక, ట్రక్కును తిన్నగా బంకులోకి తెచ్చి కొట్టు ఎదురుగా ఆపాడు. ఊడుస్తున్న బొరామ్ తండ్రి చీపురు ఆపి నీలం పలకను చదివాడు.

"కరెంటు బండి బంకులోకి వచ్చిందేంట్రా! మా పొట్ట కొట్టడానికా?"

"లేదండీ, లోపలికి..."

"తెలుసులే. వెళ్లు."

లోపల సంఘానికి వచ్చిన మందు పెట్టెలు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. బొరామ్ వాటిమీది పేర్లు చూసుకుంటోంది. తలెత్తలేదు.

"ఏం కావాలి?"

"ఏమీ వద్దండీ."

"ఏమీ వద్దా?"

"ఏమీ వద్దు. ఊరికే వచ్చాను. మిమ్మల్ని చూడ్డానికి."

బొరామ్ చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. ఇంత చిన్న మాటకి ఇన్నాళ్లు పట్టిందేమిటా అన్నట్టు చూసింది. తర్వాత ఆ పెట్టె తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. బరువుగా ఉంది.

"ఇవన్నీ తోటలకి చేర్చాలి. నాన్నకి నడుం పట్టేసింది."

బయట చీపురు చప్పుడు టక్కున ఆగింది. "అబ్బా, నడుం!" అని మూలుగు వినిపించింది.

పెట్టెలన్నీ ఎక్కించి బయల్దేరారు. నల్లరాతి గోడల మధ్య సన్నని దారి. రెండు వైపులా పండిన కమలాలు. ఇంజన్లకి మందు మోసుకెళ్తున్న ఇంజన్ లేని బండిని చూసి కోతకూలీలు చేతులూపి ఏదో అరిచారు. తేసూ చెవులు ఎర్రబడ్డాయి. లోపల అంతా నిశ్శబ్దం. అతను గుటక వేస్తే అది కూడా వినిపించింది.

ఓక్సున్ అవ్వ గేటు దగ్గర పెట్టె దింపి వచ్చి ఇద్దరూ మళ్లీ ఎక్కారు. తేసూ బండి తియ్యలేదు.

"ఈ బండి మరీ ఇంత చప్పుడు లేకుండా ఉంటే, కూర్చున్నవాళ్లే ఏదో ఒకటి మాట్లాడాలి కదా" అంది బొరామ్, అద్దంలోంచి బయటికి చూస్తూ.

"మాట్లాడమంటారా?"

"అబద్ధం కానిదైతే."

"మీరంటే నాకు ఇష్టం."

బొరామ్ గోడమీది పిచ్చుకను చాలాసేపు చూసింది. అది ఎగిరిపోయాక గానీ ఇటు తిరగలేదు.

"ఏ సంవత్సరం పుట్టారు?"

"పంది సంవత్సరం" అన్నాడు తేసూ. అక్కడ ఏళ్లకి జంతువుల పేర్లే.

"నేను కుక్క సంవత్సరం. మీకంటే ముందు."

"ఒక్క ఏడే కదండీ."

"ఒక్క ఏడైనా పెద్ద పెద్దే." ఆమె సీటు బెల్టు లాగి పెట్టుకుంది. "చీకటి పడకముందే మిగతా ఇళ్లన్నీ తిరగాలి. బండి తియ్యి."

తేసూ చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"తియ్యి అన్నాను. వినపడలేదా?"