ఆపరేషన్ ఒకాయెరి

"చిప్ ఈ రోజే దేశం దాటుతుంది శాలేమురాజూ! మన తీరం మొత్తం రాడార్ మ్యాప్ అందులో ఉంది. అది పోతే మన పని గోవిందా!"

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ బసవలింగం గొంతు గరగరలాడింది. సీక్రెట్ ఏజెంట్ శాలేమురాజు తెనాలిలో ఓ మేడ మీద, బిగినర్స్ జపనీస్ క్లాసు గుమ్మం ముందు ఉన్నాడు. దొంగ గడ్డం, దొంగ పేరు, దొంగ ఉద్యోగం. ఒంటరితనం ఒక్కటే ఒరిజినల్.

లోపల టీచర్ కరుణశ్రీ. విదేశీ ముఠాలో చేరి, వాళ్ల గుట్టు మనకి అందించే డబుల్ ఏజెంట్. మొదటి పాఠంలోని పలకరింపులే వాళ్లిద్దరి కోడ్ వర్డ్స్.

"తదైమా," అన్నాడు. ఇంటికొచ్చేశాను అని.

"ఒకాయెరి," అందామె. వచ్చేశారా, రండి అని.

నిజం చెప్పొద్దూ, ఇంత పెద్ద ప్రపంచంలో అతన్ని అలా పిలిచే మనిషి ఆమె ఒక్కతే. అద్దెగది తాళం ఏ భాషలోనూ పలకదు కదా! అందుకే పనిలేని రోజుల్లో కూడా క్లాసుకొచ్చి కూర్చునేవాడు. చీఫ్‌కి మాత్రం సర్వైలెన్స్ అని రిపోర్ట్ పంపేవాడు.

కరుణశ్రీ గొంతు తగ్గించింది. "చిప్ హ్యాండోవర్ పెనుమూడి ఏటి వంతెన కిందండి. సాయంత్రం. రేపల్లె బండికి వెళ్లండి."

"మరి మీరు?"

"నేనిక్కడే ఉంటానండి." పట్టుచీర, సెంటు వాసన, నవ్వు, అన్నీ మామూలే. చూపు మాత్రం కిటికీ వైపు ఉంది.

"ఇత్తెకిమాస్," అన్నాడు. వెళ్ళొస్తాను అని. దానికి 'ఇత్తెరాషాయ్', అంటే వెళ్ళి రండి, అనాలి. రోజూ అనేది.

"సయొనారా అండి," అంది.

రైలు భట్టిప్రోలు చేరేదాకా ఆ మాట అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. సయొనారా రోజూ అనేది కాదండీ, మళ్లీ ఎప్పటికో అనుకున్నప్పుడే, అని నేర్పింది ఆమే. మన ఇళ్లలో పాలప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్తూ కూడా వెళ్ళొస్తా అంటాం. వెళ్తా అన్నామా, పెద్దవాళ్ల చేతిలో అక్కడే చీవాట్లు. ఆమె అబద్ధాలు ఎన్నైనా ఆడగలదు. కానీ తను ఉండని చోటికి ఒక మనిషిని తిరిగి రమ్మనలేకపోయింది.

అంటే పెనుమూడి కబురు ఉత్తదే, చిప్‌తో దేశం దాటేది ఆమే. శాలేమురాజు దిగిపోయాడు.

"ఏంటయ్యా ఇది? టీమ్ అంతా పెనుమూడిలో ఉంది!" ఇయర్‌పీస్‌లో చీఫ్ మండిపడ్డాడు. "నీ దగ్గర ఎవిడెన్స్ ఏంటి?"

"ఆవిడ వెళ్ళి రండి అనలేదు సార్."

"నీకేమైనా మతిపోయిందా?"

కరుణశ్రీ పుట్టింది సూర్యలంకలో. తిరిగి రాని ప్రయాణానికి కావాల్సింది ఏరు కాదు, సముద్రం. కారు మాట్లాడుకుని చెరుకుపల్లి మీదుగా బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక చేరేసరికి పొద్దు వాలుతోంది.

ఒడ్డున ఓ మరబోటు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. చుట్టూ మోకాలి లోతు నీళ్లలో చేపలు కొనేవాళ్లు. అందరూ ఆడవాళ్లే, అందరికీ తలమీద కొంగు, చంకలో గంప. వాళ్లలో ఒక చెయ్యి బోటు మీదివాడికి చిప్ అందించబోతోంది. ఏ చెయ్యి? అందరూ అటు తిరిగే ఉన్నారు! ముఖాలు పోల్చే అతని కళ్లజోడు కెమెరా వీపుల్ని గుర్తుపట్టలేక బిక్కచచ్చింది. ఆమె ఎక్కడమే తరువాయి, బోటు కదలబోతోంది.

శాలేమురాజు గొంతు చించుకుని అరిచాడు.

"తదైమా!"

"ఒకా..."

ఒక్క తల వెనక్కి తిరిగింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. అతను నీళ్లలోకి దూకి ఆ మణికట్టు పట్టుకున్నాడు. బోటు ఉత్త చేతులతో పారిపోయింది.

"అలవాటైపోయిందండి," అంది కరుణశ్రీ, నీళ్లు నిండిన కళ్లతో. "నేను ఏ పేరుతో ఉన్నా, ఎక్కడున్నా, నా దగ్గరికి ఇంటికొచ్చినట్టు వచ్చింది మీరొక్కరే."

అతనికి ఏడుపొచ్చింది. అయినా చెయ్యి వదల్లేదు.

పోలీసు జీపు ఆమెను తీసుకెళ్లాక ఇసుకలో ఒక్కడూ కూలబడ్డాడు. ఇయర్‌పీస్‌లో చీఫ్ ఖుషీగా ఉన్నాడు. "శభాష్! ఏం కావాలో కోరుకో!"

"నేను తదైమా అంటాను సార్. ఒక్కసారి ఒకాయెరి అనండి."

"అంటే ఏంటయ్యా?"

శాలేమురాజు గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"పాత కోడ్ సార్. ఇక పనిచెయ్యదు."