‘ఇంటూ’ అనబోయి ‘ఓవర్’

కళ్లజోళ్ల దుకాణంలో ముందు గదిలో ఆమె కళ్లు పరీక్ష చేసేది. వెనక గదిలో అతను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు. ఆమెకు ఇంగ్లీషు మంచినీళ్లప్రాయం. ఆమె ముందు తీసిపోకూడదని అతను ఫోన్‌లో పాఠాలు వింటున్నాడు.

అతని సెలవు రోజున బజారులో ఆమె తండ్రి ఎదురుపడ్డాడు. గుర్తుపట్టి, భుజం తట్టి మరీ పలకరించాడు. అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వెంటనే ఆమెకు మెసేజ్ కొట్టాడు: “ఐ ర్యాన్ ఓవర్ యువర్ ఫాదర్. వెరీ హ్యాపీ.”

క్షణంలో ఫోన్ మోగింది. ఎక్కడని ఆమె అడిగింది. కూరగాయల వీధి మలుపులో అని గర్వంగా చెప్పాడు. ఫోన్ కట్టయింది. ఆ గొంతులో వణుకు గుర్తొచ్చి అతనూ వెనక్కి పరుగెత్తాడు.

మలుపులో, అప్పుడే అందుకున్న జోరువానలో, ఆమె తన తండ్రి చేతులూ కాళ్లూ తడిమి చూస్తోంది. పరుగున వచ్చిన ఆమె ఒక కాలికి చెప్పు లేదు. ఏమైందమ్మా అని ఆయన అడుగుతూనే ఉన్నాడు.

అతన్ని చూడగానే ఆమె, “ర్యాన్ ఇంటూ అంటే ఎదురుపడటం. ర్యాన్ ఓవర్ అంటే బండితో తొక్కేయడం,” అంది. “అది కూడా వెరీ హ్యాపీగా.”

తల కొట్టేసినట్టయింది అతనికి. చుట్టూ ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వులు కాదు, ఆమె ఎర్రబడ్డ కళ్లే అతన్ని కాల్చాయి.

ఆ తర్వాత ఆమె వస్తుంటే వెనక గది తలుపు మూసేసుకునేవాడు. అన్నం సయించేది కాదు. తన గొప్ప కోసం ఆమెను ఏడిపించానన్న సిగ్గు నిద్రలోనూ వదల్లేదు. చివరికి ఉండబట్టలేక ఆమె ఇంటికే వెళ్లాడు.

తలుపు ఆమే తీసింది. అతను గడప బయటే నిలబడి క్షమించమన్నాడు.

“నాతో ఇంగ్లీషు ఎందుకు మీకు?” అందామె.

“ఒక మాట అడగాలి. తెలుగులో అడగాలంటే సిగ్గు. ఇంగ్లీషైతే ధైర్యం వస్తుందేమోనని...”

“మళ్లీ ఇంగ్లీషా? నా గుండె తట్టుకోలేదు,” అంటూ ఆమె దారిచ్చింది. “లోపలికొచ్చి తెలుగులోనే అడగండి. నాన్నకూ అర్థం కావాలి కదా.”

చెవుల దాకా ఎర్రబడి అతను లోపలికి అడుగుపెట్టాడు. పెద్దాయన టీవీ సౌండు తగ్గించాడు.