నడిమి మొగం

“జ్ఞానాంబా...!”

మునస్వామి పెట్టిన కేకకు నా చేతిలో మౌస్ జారి కింద పడింది.

రేణిగుంట స్టేషన్ రోడ్డులో, మేడమీద మా వీడియో మిక్సింగ్ గది. అప్పటికే దానికి చెడ్డపేరు. రాత్రిపూట కిటికీలో ఒక మొగం వెలిగి, చూస్తుండగానే ఇంకో మొగమైపోతుందని... చెంగయ్య టీకొట్టు మూసినాక ఆ కింద ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

నాకు నవ్వొచ్చేది. అది నా కంప్యూటరే కదా! పెళ్ళికూతురి మొగాన్ని పెళ్ళికొడుకు మొగంగా కరిగించే మార్ఫింగు అప్పుడే పెళ్ళి క్యాసెట్లలోకి కొత్తగా వచ్చింది. ఇద్దరి కళ్ళమీద, ముక్కుమీద, పెదాలమీద చుక్కలు పెడితే, నడుమ వచ్చే బొమ్మలన్నీ కంప్యూటరే అల్లుకుంటుంది — తెల్లవార్లూ. ప్రేమంటే ఇదేననుకునేవాణ్ణి.

ఆ రాత్రి మునస్వామి కూతురు ధరణి పెళ్ళి క్యాసెట్. పొద్దున్నే వాళ్ళ ఊరు ఐరాలలో చుట్టాలకు చూపించాలని మునస్వామీ, పెళ్ళికొడుకు నరేంద్రా నా వెనకాలే కూర్చున్నారు.

ధరణి మొగం కదిలింది. బుగ్గలు తగ్గినాయి... గడ్డం సాగింది... సరిగ్గా సగంలో కంప్యూటర్ హ్యాంగయిపోయింది.

ధరణి కాదు. ఎప్పుడూ మీసం పెట్టని నరేంద్రా కాదు. తల్లో మల్లెపూలతో ఇంకెవరో... మమ్మల్నే చూస్తా ఉంది.

అప్పుడే ఆ కేక.

“తీసెయ్యప్పా... తీసెయ్ దాన్ని!”

ఏ మీట నొక్కినా కదల్లేదు.

“మా అక్క జ్ఞానాంబ...” నరేంద్ర గుసగుసలాడినాడు. “పన్నెండేండ్లాయె సచ్చిపోయి. ఫొటో ఒక్కటి గూడా లేదు మాకాడ. బావమీద అలిగొచ్చి మా ఇంట్లో ఉన్నింది. వానరాత్రి తిరిగిపోయి, బావోళ్ళ గడపమీదే పాము కరిసి పడుండింది. ‘నిద్దరలో ఉండాను, తెలీలేదు’ అన్నాడు ఈ బావ.”

అప్పుడర్థమైంది నాకు. ధరణి చేసుకున్నది సొంత మేనమామను. కూతురికీ తమ్ముడికీ నడుమ ఉండే మొగం... ఆ తల్లిది కాక ఇంకెవరిది?

“దెయ్యం కాదు పెద్దాయనా, మేనరికం! ఇద్దరి పోలికలూ కలిసి...”

మునస్వామి వినలేదు. మోకాళ్ళమీద జరిగి, చెయ్యి కంప్యూటర్ అద్దానికి ఆనించినాడు. మల్లెపూల వెలుగు ఆయన మొగమంతా పడింది.

“అట్ల సూడొద్దే... నిద్దరపోలేదు నేను. నువ్వు తలుపు కొట్టింది ఇనపడింది. పామని అరిసింది గూడా...”

నరేంద్ర లేచి నిలబడినాడు.

“...కోపంలో గెడ తియ్యలేదు జ్ఞానాంబా. నేనే తియ్యలేదు.”