ఫ్యాన్ల డాక్టరుకి అంతుచిక్కనిది

పొయ్యి మీద పాలు పొంగకముందే వసారాలో సభ మొదలైపోయింది. విమానం కూలిన దగ్గర్నుంచీ రోజూ ఇదే వరస. ఎదురింటి టైలరు మెడలో టేపు తియ్యకుండానే వచ్చేస్తాడు. పక్కింటి లెక్కల మాస్టారు పేపరు చంకలో పెట్టుకుని వస్తాడు. ఇద్దరూ వచ్చేది డాక్టరు కోసమే. డాక్టరంటే మనుషుల డాక్టరు కాదు, వీధి చివర కొట్లో ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు బాగుచేసే మనిషి. తిరిగే చప్పుడు విని ఫ్యానుకి ఏం జబ్బో చెప్పేస్తాడని వీధి వీధంతా ఆయన్ని ఫ్యాన్ల డాక్టరంటుంది. ఆ పిలుపంటే ఆయనకి లోలోపల మహా ఇష్టం. ఆయన నోట ‘నాకు తెలియదు’ అన్న మాట పెళ్లయిన కొత్తలో కూడా వినలేదని భార్య వేళాకోళం చేస్తూ ఉంటుంది.

ఆయన కొట్టుకి ఒకటే నియమం. ఒకసారి విప్పిన మిషనుకి, కారణం దొరక్కుండా మళ్లీ మూత బిగించకూడదు. ఆగిపోయిన మిక్సీ ఒక్క దెబ్బ కొడితే తిరిగినా సరే, ఎందుకు ఆగిందో తేలేదాకా అది బల్ల మీద ఉండాల్సిందే. ఆయన ఒక్కగానొక్క కూతురు ఆ బల్ల పక్కనే స్క్రూలు ఏరుతూ పెరిగింది. ‘చిన్న మేస్త్రి’ అని ముద్దుపేరు. చదువుకుని విమానాశ్రయంలో మెకానిక్‌గా చేరిన రోజు ఆయన కాళ్లు నేలమీద లేవు. “నేను ఫ్యాన్లు తిప్పితే మా చిన్న మేస్త్రి విమానాలు ఎగరేస్తుంది,” అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఆ చిన్న మేస్త్రి ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి ఇంట్లోనే ఉంది. విమానం లేచింది మా దగ్గర్నుంచే కదా, అక్కడంతా గందరగోళంగా ఉంది, సెలవిచ్చారు అంది. ఆయన సరేనన్నాడు. పొరుగింటి ఫ్యాను కీచుమంటే గోడ ఇవతలనుంచే పసిగట్టే మనిషికి, కన్నకూతురు కంచం ముందు కూర్చుని తినకుండానే లేస్తున్న సంగతి మాత్రం కనబడలేదు. ఈ సభల హడావిడిలో ఉన్నాడు మరి.

“పక్షులు తగిలాయని టీవీలో చెప్తున్నారు కదా డాక్టరూ?” అన్నాడు టైలరు.

“పక్షులేమన్నా ఇవాళ కొత్తగా పుట్టాయా?”

“పోనీ పైలట్‌దే తప్పేమో,” అన్నాడు మాస్టారు.

“తన ప్రాణం మీదికి తనే తెచ్చుకుంటాడా మాస్టారూ? నేను చెప్తా వినండి.” డాక్టరు పేపరు పరిచి రన్‌వే అన్నాడు. జేబులోంచి దువ్వెన తీసి విమానం అన్నాడు. “ఇదిగో పరుగెత్తుతోంది. సరిగ్గా లేవబోయే ముందు ఇలా ఊగింది. వీడియోలో మీరూ చూశారుగా? చక్రం దగ్గర ఏదో తేడా చేసింది. ఎవరో నట్టు సరిగ్గా బిగించలేదు. ఇంటికి పోయే తొందరలో చేసిన పని. అంతమంది ప్రాణాలు పోయింది ఒక్క చేతి అశ్రద్ధ వల్ల!”

దువ్వెనని పేపరు చివర బోర్లా పడేశాడు. టైలరు నాలుక చప్పరించాడు.

టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కూతురు దాన్ని గడప పక్కన దించింది.

“ఆ చెయ్యి నాదే నాన్నా,” అంది.

వచ్చినవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుక్కర్ పెట్టి వచ్చానని ఒకరు, కొట్టు తెరవాలని ఒకరు గొణుక్కుంటూ మెట్లు దిగిపోయారు. పేపరు మీద దువ్వెన అలాగే ఉంది.

“ఏంటమ్మా నువ్వనేది?”

“ముందురోజు సాయంత్రం ఆ విమానానికి చక్రం మార్చింది నేను. బిగించాను, కొలిచాను. పైఆఫీసరు వచ్చి మళ్లీ చూశాడు. మొదట్లో నా చేతికి అంతా గుర్తుండేది. కానీ టీవీలో ఎవడో నట్టు అన్నాడు చూడు, అప్పట్నుంచీ ఏదీ గుర్తుకు రావట్లేదు. కళ్లు మూస్తే నట్లే విప్పుతున్నాను, నట్లే బిగిస్తున్నాను. రేపు విచారణకి రమ్మన్నారు.”

“మరి నాకు చెప్పలేదేం?”

“అమ్మకి చెప్పాను.”

ఆయన వంటింటి వైపు చూశాడు. భార్య తల దించుకుని పొయ్యి ఆపింది. “అదే వద్దందండీ. ‘నాన్నకి చెబితే నన్ను కూడా విప్పి బల్ల మీద పెడతాడు’ అంది.”

ఆ మాట డాక్టరుకి గుండెల్లో గుచ్చుకుంది. గబగబా కూతురి దగ్గరికి వెళ్లాడు.

“పిచ్చిదానా, నీ చెయ్యి నాకు తెలీదూ? నువ్వు బిగిస్తే ఇక తిరుగుండదు. అది కచ్చితంగా పక్షులే. లేకపోతే ఇంజను. ఆ పూట గాలి కూడా విపరీతంగా...”

“ఇందాక నట్టన్నావు కదా నాన్నా?”

“అంటే... ఏదో మాటవరసకి...”

“మాటవరస కాదు. దువ్వెన పట్టుకుని మరీ చూపించావు. ఆ చెయ్యి నాదని తెలియగానే కారణం మారిపోయిందా? ఇంకెవరి కూతురో అయితే? ఆ అమ్మాయి వాళ్లింట్లో కూర్చుని ఇదంతా వినాల్సిందేనా?” ఆమె తండ్రి భుజం పట్టుకుంది. “ఏది చెడిపోయినా నీకు తెలుస్తుందిగా. చిన్నప్పట్నుంచీ నువ్వు చెప్పిందే వేదం నాకు. నా మొహం చూసి చెప్పు. నేనేనా? కాదా?”

ఆయన నోరు తెరిచాడు. కాదు అనడానికి తండ్రి ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఇన్నేళ్లూ కారణాలు చెప్పిన ఆ నోటికి ఇప్పుడు ఒక్కటీ అందలేదు. పక్షులని తను చూడలేదు. ఇంజను లోపల ఏముంటుందో ఎరగడు. ఆ చక్రాన్ని ఒక్కసారైనా తాకి ఎరగడు. ఫ్యానైతే విప్పుకుని ముందర పెట్టుకోవచ్చు. ఎక్కడో కాలి బూడిదైపోయిన విమానాన్ని ఈ వసారాలోంచి ఏం విప్పుతాడు?

ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

“తెలియదమ్మా,” అన్నాడు. “నాకు తెలియదు తల్లీ.”

విమానం కూలిన రోజు కూడా కంటతడి పెట్టని పిల్ల, ఆ మాట వినగానే తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పోయినవాళ్లని తలుచుకుని ఏడ్చింది. తన చేతిని చూసుకుని ఏడ్చింది. ఆయన ఊరుకోమనలేదు. ఊరుకోబెట్టడానికి తన దగ్గర ఏముందని? తల నిమురుతూ తనూ ఏడ్చాడు.

“నేనే అని తేలితే నాన్నా?”

“తేలితే తేలుతుంది. అప్పుడూ నీ పక్కనే ఉంటాను. అంతకంటే నా చేతిలో ఏమీ లేదమ్మా.”

తల్లి అన్నం కలుపుకొచ్చి పక్కన కూర్చుంది. కూతురు నాలుగు ముద్దలు తింది. ఆ పూటకి ఆ ఇంట్లో జరిగిన మంచి అదొక్కటే.

మర్నాడు పొద్దున్న డాక్టరు కొట్టు తియ్యలేదు. ఉతికిన చొక్కా వేసుకుని కూతురితో పాటు బయల్దేరాడు. విచారణ గదిలోకి తనని రానివ్వరని ఆయనకి తెలుసు. బయట బెంచీ ఉంటుంది కదా అన్నాడు. నిజం తేలడానికి ఏడాదైనా పట్టొచ్చని అమ్మాయి ముందే చెప్పింది.

వాళ్లు వీధిలోకి వచ్చేసరికి టైలరు ఎదురయ్యాడు. నిన్నటి సంగతికి ఇబ్బందిపడుతూనే, అలవాటు పోనిచ్చుకోలేక మెల్లగా కదిపాడు.

“ఇవాళ ఇంజన్‌లోనే ఏదో లోపం అంటున్నారు డాక్టరూ. టీవీలో గంట నుంచీ అదే. మీరేమంటారు?”

కూతురు నడక ఆగిపోయింది. ఔనంటే చాలు. వీధంతా ఆ మాటే నమ్ముతుంది. ఆ పూటకైనా ఆమె తలెత్తుకుని నడుస్తుంది. ఆ సంగతి డాక్టరుకీ తెలుసు. ఆయన కూతురి మొహంలోకి చూశాడు.

“నాకు తెలియదయ్యా,” అన్నాడు.

కూతురి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని బస్టాపు వైపు నడిచాడు.