తలకిందులైన తేనెటీగలు

“రంగా, జర ఉరికి రా! మందు తాగిన ఈగలకే యాదికున్నది!”

గోపన్‌పల్లి దగ్గర యూనివర్సిటీ ల్యాబ్ గుమ్మంలో రేఖ గంతులేస్తోంది.

నా పేరు రంగనాథ్, మాది కడప. వారమంతా నానక్‌రామ్‌గూడ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టడం నా ఉద్యోగం. శని, ఆదివారాలు రేఖ తేనెటీగలకు పంచదార నీళ్లు పోయడం నా భాగ్యం. ఈగల మీద ప్రేమేమీ లేదు, ఉన్నదంతా రేఖ మీదే. ఆ ముక్క చెప్పడానికి నాలుగు నెలలుగా నోరు పెగలడం లేదు.

తేనెటీగల పొట్టలో ఉండే బాక్టీరియా మీద ఆమె పరిశోధన. ఒక డబ్బాలో ఈగలకు యాంటీబయాటిక్ కలిపిన పానకం, ఇంకో డబ్బాకు ఉత్త పానకం. తర్వాత అన్నింటికీ మల్లె వాసన చూపించి తీపి పెడుతుంది. మళ్లీ వాసన ఒక్కటే చూపిస్తే, గుర్తున్న ఈగ నాలుక చాపుతుంది. మందుతో పొట్టలో బాక్టీరియా పోయిన ఈగలు మర్చిపోవాలి.

“నాకు ఉల్టా వచ్చింది! ఇప్పుడే మా గైడ్ సార్‌కు ఫోన్ చేస్తున్న. ఇంకో మాట... నువ్వంటే నాకు మస్తు ఇష్టం రంగా.”

నాలుగు నెలలు ఎదురుచూసిన మాట! సరిగ్గా అప్పుడే డబ్బాల మీద మందుదేదో, ఉత్తదేదో రాసిన స్టిక్కర్లు నా కంటపడ్డాయి. నిన్న ఆమె చుట్టాల పెళ్లికి వెళ్తే, నేను తడిగుడ్డతో తుడుస్తుంటే రెండూ ఊడొచ్చాయి. ఏది దేనిదో అడగకుండా అందాజుగా అంటించేశాను.

నోరు మూసుకుంటే రేఖ నాది. కానీ రేపు పదిమందిలో ఆమె తల దించుకోవడం నేను చూడలేను.

“ఫోన్ పెట్టెయ్ రేఖా.”

“ఏంది?”

“నిన్న స్టిక్కర్లు ఊడిపోతే నేనే అంటించినా. మారిపోయినాయేమో.”

ఆమె నవ్వు ఆరిపోయింది. “నాకు నిన్ననే చెప్పొద్దా? ముందుగాల ఈడికెల్లి పో!”

ఐదు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. అన్నం సయించలేదు, ఆఫీసులో ఒక్క తప్పూ కనిపించలేదు.

శుక్రవారం సాయంత్రం జోరు వానలో మా ఆఫీసు గేటు ముందు ఆమె స్కూటీ ఆగింది.

“ఈగల పొట్టలు పరీక్ష చేసిన. స్టిక్కర్లు మారినయ్. నువ్వు చెప్పకుంటే నవ్వులపాలైతుంటి.”

“సారీ రేఖా.”

“మళ్ల మొదటికెల్లి చేయాలె. గా పనిమంతుడు ఎవడని సార్ అడిగిండు.”

“ఏమని చెప్పినావు?”

“నేను చేసుకోబోయేటోడని చెప్పిన. అమ్మకు గూడ చెప్పిన. ఇంటికి తోల్కొని రమ్మన్నది.”

“నన్నొక మాట అడగొద్దా?”

“స్టిక్కర్లు అంటించేటప్పుడు నువ్వు నన్ను అడిగినవా?”

సంతోషం పట్టలేక తడిసిన సీటు మీదే ఎక్కి కూర్చున్నాను.